తిమింగలాలను కాపాడింది కిరోసిన్ కాదు

తిమింగలాల సంగతి ఎత్తినప్పుడల్లా ఒక వాదన మళ్లీ మళ్లీ ప్రచారంలోకి వస్తుంది. దాని సారాంశం ఇది: తిమింగలాలను కాపాడింది ప్రభుత్వాలు కావు, కిరోసిన్, నేలలోంచి చమురు రాగానే తిమింగలం నూనెకు గిరాకీ పడిపోయింది, గిరాకీ లేని వేట దానంతటదే ఆగింది, అంతర్జాతీయ ఒప్పందాలు వట్టి కాగితాలు, ఇప్పుడు తిమింగలాల సంఖ్య పెరిగింది కనుక అంతరించిపోతున్న జీవుల పేరిట ప్రజాధనం ఖర్చు పెట్టడం దండగ, అంత ప్రేమ ఉన్నవారు సొంత జేబులోంచి విరాళాలు ఇచ్చుకోవచ్చు. వినడానికి ఇది పొందికగానే ఉంటుంది, పైగా ఇందులో పిసరంత నిజం కూడా ఉంది. ఆ పిసరును పక్కన పెడితే మిగిలినదేదీ పరిశీలనకు నిలవదు.

మొదట కిరోసిన్ మాట చూద్దాం. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. రెండేళ్లు తిరక్కుండానే అక్కడి ఒక వ్యంగ్య పత్రిక, చమురు బావులు దొరికిన ఆనందంలో తిమింగలాలు విందు చేసుకుంటున్నట్టు కార్టూన్ వేసింది. నేటి వాదన ఆ కార్టూన్‌ను దాటి పెద్దగా ముందుకు వెళ్లినట్టు కనబడదు. దీపాలకు చౌకగా కిరోసిన్ దొరకడం వల్ల తెరచాప ఓడల మీద సాగిన అమెరికా వేట దెబ్బతిన్న మాట నిజమే. కాని ఆ తరువాత ఏం జరిగిందో ఈ వాదన చెప్పదు. 20వ శతాబ్దంలో చంపిన తిమింగలాలు సుమారు 29 లక్షలని అంచనా. స్పెర్మ్ వేల్ అనే ఒక్క జాతినే తీసుకున్నా, 18, 19 శతాబ్దాలు రెండింటిలో కలిపి చంపినవి 3 లక్షల వరకు ఉంటాయని పరిశోధకులు లెక్కగట్టగా, 20వ శతాబ్దంలో చంపినవి 7 లక్షల 60 వేలు దాటాయి. ఇదంతా కిరోసిన్ వచ్చిన తరువాతి లెక్క.

ఇలా ఎందుకు జరిగిందంటే, పరిశ్రమల యుగం తిమింగలం నూనెకు ఒక గిరాకీని తీసేసి మూడు కొత్త గిరాకీలను తెచ్చిపెట్టింది. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచే పద్ధతి రావడంతో అది వెన్నకు బదులు వాడే మార్జరిన్‌లోకి, సబ్బులోకి వెళ్లింది. అందులోని గ్లిజరిన్ పేలుడు పదార్థాల తయారీకి పనికివచ్చింది. అంతకు ముందు తెరచాప పడవలు నీలి తిమింగలాన్నీ ఫిన్ వేల్‌నూ వెంబడించలేకపోయేవి. అవి వేగంగా ఈదేవి, చచ్చాక మునిగిపోయేవి. నార్వేకు చెందిన స్వెన్ ఫోయిన్ 1860లలో రూపొందించిన పేలుడు హార్పూన్ (తిమింగలం ఒంట్లో దిగి పేలే ఈటె), ఆవిరి ఇంజన్ల పడవలు, కళేబరంలోకి గాలి పంపి తేల్చే పద్ధతి కలిసి ఆ రెండు ఆటంకాలనూ తొలగించాయి. 1925లో, వెనుక భాగాన జారుడు దారి ఉండి తిమింగలాన్ని ఏకంగా పైకి లాగి నడిసముద్రంలోనే కోయగలిగిన లాన్సింగ్ అనే ఓడ అంటార్కిటికా జలాల్లో దిగింది. ఇక తీరంతో పని లేదు. తీరం మీద ఉన్న ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోతే వేట ఆగుతుందన్న భయమూ లేదు. 1930–31 సీజను ఒక్కదానిలోనే అక్కడ 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. 1970ల నాటికి అంటార్కిటికా నీలి తిమింగలాలు కొన్ని వందలకు పడిపోయాయి. ఇంజన్లకు ఇంధనం ఇచ్చి ఈ వేటను నడిపించిన వాటిలో ఆ పెట్రోలియం కూడా ఉందన్న సంగతి ఈ వాదన చేసేవారికి తట్టకపోవడమే విడ్డూరం.

ప్రత్యామ్నాయ వస్తువు తనంతట తాను వచ్చి జంతువును కాపాడుతుందన్న నమ్మకానికి స్పెర్మ్ వేల్ నూనె మరో సమాధానం. కార్ల ఆటోమేటిక్ గేర్ వ్యవస్థల్లో వాడే ద్రవంలో ఆ నూనెను 1970ల ఆరంభం వరకూ కలుపుతూనే ఉన్నారు. పెట్రోలియం పుట్టి అప్పటికి వందేళ్లు దాటింది. 1970లో అమెరికా ప్రభుత్వం 8 పెద్ద తిమింగలాల జాతులను అంతరించిపోతున్నవాటి జాబితాలో చేర్చి వాటి ఉత్పత్తుల దిగుమతికి తలుపు మూసిన తరువాతే కృత్రిమ నూనెల కోసం, జొజోబా గింజల నూనె కోసం గట్టి వెతుకులాట మొదలైంది. చట్టం ముందు వచ్చింది, ప్రత్యామ్నాయం దాని వెనుక నడిచింది.

ఒప్పందాలు వట్టి కాగితాలన్న మాట దగ్గర కొంత ఒప్పుకోక తప్పదు. 1946లో వాషింగ్టన్‌లో సంతకాలైన ఒప్పందం ద్వారా ఏర్పడిన అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ మొదటి పాతికేళ్లూ దాదాపు వేటగాళ్ల సంఘంలాగే పనిచేసింది. ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్ వేల్స్, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయి వేల్స్ సమానమన్న కొలతతో మొత్తం కోటా నిర్ణయించేవారు. ఆ పద్ధతిలో ఏ జాతికీ విడిగా రక్షణ లేదు. పెద్దది దొరికినంత కాలం పెద్దదాన్ని, అది అయిపోయాక తరువాతిదాన్ని కొట్టడమే లాభసాటి. ఈ కొలతను 1972లో గాని వదిలిపెట్టలేదు. ఓడల మీద విదేశీ పరిశీలకులను పెట్టాలన్న ప్రతిపాదన 1950లలోనే వచ్చినా రాజకీయ బేరసారాల్లో నలిగి 1972లో అమలైంది. ఆ మధ్యకాలంలో సోవియట్ ఓడలు ఏం చేశాయో లోకానికి 1993లో, జీవశాస్త్రవేత్త అలెక్సీ యాబ్లకోవ్ బయటపెట్టాక తెలిసింది. దక్షిణార్ధగోళంలో తాము చంపిన హంప్‌బ్యాక్‌లు 2,710 అని కమిషన్‌కు చెప్పారు. అసలు సంఖ్య 48 వేల పైచిలుకు. అన్ని సముద్రాలూ అన్ని జాతులూ కలిపితే దాచిపెట్టిన లెక్క సుమారు 1 లక్షా 80 వేలు.

అయితే ఈ ఉదంతం ఆ వాదనను బలపరచడం లేదు, దాన్ని కూల్చేస్తోంది. సోవియట్ ఓడలు మార్కెట్ గిరాకీ చూసి వేటాడలేదు. ప్రణాళికా సంఘం లక్ష్యం నిర్ణయించేది, ఆ లక్ష్యాన్ని మించితే సిబ్బందికి బోనస్ దక్కేది, మరుసటి ఏడు లక్ష్యం ఇంకా పెరిగేది. కొన్ని కళేబరాల నుంచి కొవ్వు మాత్రం ఒలిచి మిగిలినదాన్ని సముద్రంలోకి తోసేశారు. గిరాకీ లేకపోతే వేట ఆగుతుందన్న సూత్రానికి ఇంతకంటే పెద్ద ఎదురు సాక్ష్యం చరిత్రలో దొరకడం కష్టం. చంపించినది ప్రభుత్వ విధానం, ప్రభుత్వ ధనం. ఓడ మీద పరిశీలకుడు అడుగుపెట్టాక ఆ దొంగలెక్కలు చాలామటుకు ఆగిపోవడమూ విధాన నిర్ణయమే.

1982లో కమిషన్ వాణిజ్య వేటను ఆపాలని 25 ఓట్లతో తీర్మానించింది. 7 దేశాలు వ్యతిరేకించాయి, 5 తటస్థంగా ఉన్నాయి. నాలుగింట మూడు వంతుల ఆధిక్యం వచ్చింది గనుక తీర్మానం నెగ్గింది. కాని అభ్యంతరం తెలిపిన దేశానికి అది వర్తించదు, కమిషన్‌కు పోలీసులు లేరు. మరి ఎలా పనిచేసింది? అమెరికా 1979లో చేసిన ఒక చట్ట సవరణ ప్రకారం, తిమింగలాల ఒప్పందానికి గండికొట్టే దేశానికి అమెరికా జలాల్లో చేపలు పట్టుకునే కోటాను తగ్గించవచ్చు. 1985లో సోవియట్ యూనియన్ మీద ఆ వేటు పడింది. రెండేళ్లకు అది వాణిజ్య వేట మానుకుంది. జపాన్ కూడా ఆ చేపల కోటా కోసమే తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంది. 1980ల చివరికి ఆ జలాల్లోని చేపలన్నీ అమెరికా జాలర్లకే కేటాయించడంతో విదేశీ కోటా మాయమైంది, దానితో పాటే బెదిరించే శక్తీ పోయింది. జపాన్ అప్పటికే పరిశోధన పేరిట అంటార్కిటికాలో వేట మొదలుపెట్టింది. ఆ కార్యక్రమం ఒప్పందానికి అనుగుణంగా లేదని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పడానికి 2014 దాకా పట్టింది. కాబట్టి ఒప్పందం కాగితమా కాదా అన్న ప్రశ్న కంటే, ఏ ఏడాది ఆ కాగితం వెనుక ఎవరి బలం నిలబడింది అన్నది అసలు ప్రశ్న. ఆ బలం రెండు వైపులకూ పనిచేస్తుంది: 2006లో కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌లో జరిగిన సమావేశంలో, నిషేధం ఇక అవసరం లేదన్న ప్రకటన 33–32తో, అంటే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. నిషేధం ఎత్తేయడానికి అది చాలదు గాని, చిన్న దేశాల ఓట్లను జపాన్ సహాయ నిధులు మళ్లిస్తున్నాయన్న ఆరోపణ ఆనాటికే పాతది. మరో కరీబియన్ దీవి డొమినికాలో ఒక మంత్రి, ఆథర్టన్ మార్టిన్, ఆ విషయం మీదే 2000లో రాజీనామా చేశారు.

జపాన్‌లో తిమింగలం మాంసం తినేవారు చాలా తగ్గారు. కేవలం గిరాకీయే నిర్ణయిస్తే ఈ వేట ఎప్పుడో మూతపడాలి. 2011 సునామీ తరువాత పునర్నిర్మాణం కోసం కేటాయించిన నిధుల్లోంచే సుమారు 230 కోట్ల యెన్‌లను వేట కార్యక్రమానికి మళ్లించారు. జపాన్ 2019లో కమిషన్ నుంచి తప్పుకుని తన జలాల్లో వాణిజ్య వేటను తిరిగి ప్రారంభించింది. ప్రభుత్వ సహాయం కొనసాగింది. ప్రజాధనం రక్షణకే ఖర్చవుతోందని అనుకునేవారు ఈ పద్దును కూడా ఒకసారి చూడాలి. న్యాయం కోసం ఇంకో మాట: ఐస్‌లాండ్‌లో 2025లో ఫిన్ వేల్ వేటకు లైసెన్సు చేతిలో ఉండి కూడా కంపెనీ ఓడలను దింపలేదు, కారణం మార్కెట్ ధరలు. మార్కెట్‌కు పాత్ర ఉంది. ఒక ఏడాది వేటను అది ఆపగలదు. ధర పెరిగిన మరుసటి ఏడాదికి హామీ ఇవ్వలేదు.

సంఖ్య పెరిగింది కనుక ఖర్చు అనవసరమనే వారు ఏ తిమింగలం గురించి మాట్లాడుతున్నారో చెప్పరు. నైరుతి అట్లాంటిక్ హంప్‌బ్యాక్‌లు కొన్ని వందల నుంచి సుమారు 25 వేలకు చేరాయి, నిజమే. తూర్పు పసిఫిక్ గ్రే వేల్‌ను 1994లోనే అమెరికా జాబితా నుంచి తొలగించారు. కాలిఫోర్నియా తీరం మీద శీతకాలంలో శాస్త్రవేత్తలు కూర్చుని దక్షిణానికి వలసపోయే గ్రే వేల్స్‌ను లెక్కపెడతారు. చూడడానికి ఇంత సాదా పని మరొకటి ఉండదు. జాబితా నుంచి తీసేశాక ఆ లెక్క మానేసి ఉంటే, 2016 ప్రాంతంలో 27 వేల దాకా ఉన్న ఆ తిమింగలాలు ఏడేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయన్న సంగతి మనకు తెలిసేదే కాదు. లెక్కపెట్టే ఉద్యోగమే బడ్జెట్ కోతల్లో ముందుగా కనబడుతుంది, ఎందుకంటే దాన్ని తీసేసిన రోజున ఏ జంతువూ చావదు.

ఇక ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ ఉన్నవి 400 లోపే. వీటిని ఇప్పుడు హార్పూన్ కాదు, ఓడల తాకిడి, పీతల బోనులకూ లాబ్‌స్టర్ బోనులకూ కట్టే తాళ్లు చంపుతున్నాయి. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ 4 వేలకు పైగా పేజీల, 1.7 లక్షల కోట్ల డాలర్ల ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించింది. ఈశాన్య తీరంలోని మెయిన్ అనే రాష్ట్రపు ప్రతినిధులు పట్టుబట్టి అందులో ఒక నిబంధన చేర్పించారు: లాబ్‌స్టర్ వేటకు అప్పటికే ఉన్న తాళ్ల నియమాలు 2028 చివరి వరకు తిమింగలాల రక్షణ చట్టాలకు సరిపోతాయని భావించాలి. తాడు లేని కొత్త పరికరాల పరిశోధనకు గ్రాంట్లు కూడా అక్కడే ప్రకటించారు. జాలర్ల జీవనభయం బూటకం కాదు. తమ తాళ్ల వల్ల ఏ రైట్ వేల్ చచ్చిందో చూపమని వారు అడుగుతూ వచ్చారు. 2024 జనవరిలో మసాచుసెట్స్‌లోని మార్తాస్ విన్‌యార్డ్ తీరానికి మూడేళ్ల ఆడ రైట్ వేల్ కళేబరం కొట్టుకొచ్చింది. తోక మొదట్లో తాడు మాంసంలోకి దిగబడి ఉంది. ఆ తాడు మీద ఊదారంగు గుర్తులు ఉన్నాయి. తాడు ఎక్కడిదో తెలియాలని మెయిన్ రాష్ట్రమే విధించిన రంగు అది. చేపల శాఖ నిపుణులు అది మెయిన్ తాడేనని నిర్ధారించేనాటికి, నియమాలు మార్చే అధికారం ఒక బడ్జెట్ నిబంధన చేతిలో బందీగా ఉంది.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. స్నెయిల్ డార్టర్ అనే చిన్న చేప కోసం టెల్లికో ఆనకట్టను ఆపాలని అమెరికా సుప్రీంకోర్టు 1978లో తీర్పు ఇస్తే, మరుసటి ఏడాది ఒక వ్యయ బిల్లులోని నిబంధన ఆ ఆనకట్టను అంతరించిపోతున్న జీవుల రక్షణ చట్టం నుంచి మినహాయించింది. 2011లో రాకీ పర్వతాల ఉత్తర ప్రాంతపు తోడేళ్లను రక్షిత జాబితా నుంచి తీసేసింది కూడా బడ్జెట్ బిల్లే. జీవశాస్త్రం చెప్పాల్సిన మాటను ద్రవ్య బిల్లు చెప్పడం ఒక అలవాటుగా మారింది. చట్టం ఉండి కాపలా లేకపోయినా ఫలితం అంతే: భారతదేశంలో 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉన్నా సరిస్కా అభయారణ్యంలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదు.

విరాళాల మాటకు మెక్సికోలోని వకీటా సమాధానం చెబుతుంది. కాలిఫోర్నియా సింధుశాఖ ఎగువ కొసన తప్ప మరెక్కడా లేని ఈ చిన్న సముద్రపు క్షీరదం 1997లో 570 దాకా ఉండేది. టొటోఆబా చేప కోసం వేసే, మొప్పలు తగులుకునే గిల్‌నెట్ వలల్లో చిక్కుకుని, ఇప్పుడు పదికి కాస్త అటూ ఇటూగా మిగిలింది. సీ షెపర్డ్ వంటి సంస్థలు విరాళాల డబ్బుతో పడవలు పంపి వలలు ఏరాయి. వలలు నిషేధించే అధికారం, జాలరికి నష్టపరిహారం ఇచ్చే ఖజానా, వల వేసినవాణ్ణి అరెస్టు చేసే హక్కు ఆ సంస్థలకు లేవు. 2021లో మెక్సికో ప్రభుత్వం నిషిద్ధ ప్రాంతంలో ఆంక్షలు సడలించింది. 2022లో అదే ప్రభుత్వపు నౌకాదళం అక్కడి సముద్రం అడుగున వలలు చిక్కుకునేలా కొక్కాలున్న 193 కాంక్రీటు దిమ్మెలను దించింది. ఆ ప్రాంతంలో గిల్‌నెట్ వేట 90 శాతానికి పైగా తగ్గింది. 2023 మార్చిలో మెక్సికో రక్షణ ప్రణాళిక చాలదంటూ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ సంస్థ వాణిజ్య ఆంక్షలు సిఫారసు చేయగానే, కొద్ది వారాల్లో సవరించిన ప్రణాళిక వచ్చింది, ఆంక్షలు ఎత్తేశారు. దాతల పడవలు అంతకు ముందూ అక్కడే ఉన్నాయి, తరువాతా ఉన్నాయి.