రైసు మిల్లుల ఊరికి మాస్ గెయినర్ ఎందుకు?

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల చూసినా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో చూసినా, సూర్యాపేట, వనపర్తి వంటి కొత్త జిల్లా కేంద్రాల్లో చూసినా ఇప్పుడు జిమ్ములకు కొదవ లేదు. చదువో, ఉద్యోగమో, దుకాణమో చూసుకుంటూ పొద్దునో సాయంత్రమో ఒక గంట బరువులెత్తే యువకులు ప్రతి వాడకూ కనిపిస్తున్నారు. ఇది నిస్సందేహంగా మంచి అలవాటే. అయితే అలవాటు మొదలైన నెలలోపే వారి ఖర్చు జిమ్ము ఫీజును దాటి, కండలు పెంచుతామంటూ అమ్మే సప్లిమెంట్ల రంగురంగుల డబ్బాల మీదికి మళ్లుతోంది. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేకుండా, ఆరోగ్యం కోసమో, చొక్కా భుజాల మీద నిండుగా కూర్చోవాలన్న సరదా కోసమో బరువులెత్తేవారికి ఆ డబ్బాల్లో ఒక్కటి మినహా మిగిలినవన్నీ దండగ ఖర్చేనని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా, ఒళ్లు పట్టిస్తామంటూ అమ్మే మాస్ గెయినర్ అనే పొడి సంగతి చూద్దాం. బక్కపలచని కుర్రవాడు జిమ్ములో చేరగానే అతనికి అంటగట్టే మొదటి డబ్బా సాధారణంగా ఇదే. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉండే పట్టికను ఓపిగ్గా చదివితే అందులో సగానికి పైగా పిండి పదార్థమేనని, అందులోనూ పెద్ద వాటా మాల్టోడెక్స్‌ట్రిన్‌దేనని తెలుస్తుంది. మొక్కజొన్న, కర్రపెండలం, బియ్యం వంటి వాటిలోని పిండి పదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి ఎండబెట్టిన పొడే మాల్టోడెక్స్‌ట్రిన్. ఒంట్లోకి వెళ్లాక అది చాలా త్వరగా గ్లూకోజుగా మారిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి తప్ప మరో పైరు పెద్దగా కనిపించని ఆయకట్టులో, వరుసగా రైసు మిల్లులున్న మిర్యాలగూడలో, రెండు పూటలా కడుపు నిండా అన్నం తినే ఇంటి పిల్లవాడు వేల రూపాయలు పెట్టి కొన్న పిండిపొడిని నీళ్లలో కలుపుకొని తాగుతున్నాడు. అతని పళ్లెంలో ఇప్పటికే ఎక్కువైపోయినదేదో దాన్నే అతనికి మళ్లీ అమ్ముతున్నారు, అదీ బియ్యం ధరకు ఎన్నో రెట్లు వేసి.

వే ప్రోటీన్‌ను ఇదే గాటన కట్టలేము. పాలను విరిచి చీజ్ తయారుచేసేటప్పుడు మిగిలే తేట నుంచి తీసే ఈ పొడి సులభంగా అరిగే మేలైన ఆహారమే. అయితే దానివల్ల ఒరిగేదెంత? 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వెలువడిన ఒక విశ్లేషణ 49 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 1,863 మందిని ఒకచోట చేర్చి లెక్కగట్టింది. బరువుల శిక్షణతో పాటు అదనంగా ప్రోటీన్ తీసుకున్నవారికి, తీసుకోనివారితో పోలిస్తే, కొవ్వును మినహాయించిన ఒంటి బరువు సగటున 0.3 కిలోలు, ఒక్క ఊపున ఎత్తగలిగే గరిష్ఠ బరువు సుమారు 2.5 కిలోలు మాత్రమే ఎక్కువగా పెరిగాయి. శిక్షణ వల్ల వచ్చిన బలంతో పోలిస్తే ఈ రెండున్నర కిలోలు పదో వంతు కూడా కాదు. రోజుకు కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అందిన తరువాత ఇంకా ఎంత తీసుకున్నా కండ పెద్దగా పెరగదన్నది కూడా ఆ విశ్లేషణ తేల్చిన విషయమే. పొడి అమ్మేవారు ఈ 1.6 అంకెను బట్టీపట్టి చెబుతారు కానీ, ఆ ప్రోటీన్ డబ్బా నుంచే రావాలన్న నియమం ఎక్కడా లేదన్న సంగతి మాత్రం చెప్పరు.

ఇక ఇంటి లెక్క. 60 కిలోల యువకుడికి 1.6 గ్రాముల చొప్పున రోజుకు 96 గ్రాముల ప్రోటీన్ కావాలి. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తింటే అందులో నుంచి 30 గ్రాముల దాకా, 60 గ్రాముల కందిపప్పు నుంచి మరో 13 గ్రాములు వస్తాయి. సగటు ఇంటి భోజనం ఇక్కడితో ఆగిపోతుంది. ఇంకా 50 గ్రాములకు పైగా లోటు మిగులుతుంది. ఆ లోటును కాదనడం లేదు, దాన్ని పూడ్చే దారి గురించే నా పేచీ. నాలుగు కోడిగుడ్లలో 24 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, 40 గ్రాముల మీల్‌మేకర్‌లో 20 గ్రాములు ఉంటాయి. గుడ్డు 7 రూపాయలు, పాలు లీటరు 60, మీల్‌మేకర్ కిలో 150 అనుకున్నా ఈ మూడింటికీ కలిపి అయ్యేది 50 రూపాయలే. కిలో రెండున్నర వేల రూపాయల పొడిలో రెండు స్కూపులు, అంటే సుమారు 60 గ్రాములు కలుపుకుంటే దాదాపు అంతే ప్రోటీన్‌కు 150 రూపాయలవుతుంది. నెలకు తేడా 3,000 రూపాయలు! పట్నం దుకాణాల్లో పనిచేసే కుర్రవాడికి అది చిన్న మొత్తమేమీ కాదు.

గుడ్డు ముట్టనివారికి పాలమూరు నేలే సమాధానం చెబుతుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పండే పల్లీల్లో 100 గ్రాములకు పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నూనె ఎక్కువ కాబట్టి 550 కేలరీలకు పైగానే ఉంటాయి. ఒళ్లు తగ్గాలనుకునేవారు వాటిని లెక్కపెట్టుకుని తినాలి, ఒళ్లు పట్టాలనుకునే బక్కవాడికి మాత్రం అసలైన మాస్ గెయినర్ అదే. ఇక శనగ గుడాలు, బబ్బెర గుడాలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే. అవి పండగకో, కల్లు దగ్గర నంజుకోవడానికో పరిమితమై రోజువారీ పళ్లెంలోకి రాకపోవడమే మన దురదృష్టం.

మిగిలిన సరుకు మీద ఎక్కువ మాటలు ఖర్చు చేయనక్కరలేదు. ప్రోటీన్ ఏర్పడేది అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో; బీసీఏఏ పేరుతో అమ్మే మూడు అమైనో ఆమ్లాలు గుడ్డులో, పాలలో, పప్పులో ఉన్నవే. పైగా కండ కట్టాలంటే ఆ మూడే చాలవు, అత్యవసర అమైనో ఆమ్లాలు తొమ్మిదీ ఉండాలి. వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కవుట్ పొడుల్లో నిజంగా పనిచేసేది చాలావరకు కెఫీనే, అంటే చిక్కటి కాఫీ చేసే పనే. కొవ్వు కరిగిస్తామనే, మగతనపు హార్మోన్ పెంచుతామనే గోళీల గురించి అంత కూడా చెప్పాల్సిన పని లేదు.

నేను మినహాయించిన ఆ ఒక్కటి క్రియాటిన్ మోనోహైడ్రేట్. కండరం కొద్ది క్షణాల పాటు తీవ్రంగా శ్రమించినప్పుడు ఖర్చయ్యే శక్తిని తిరిగి నింపడానికి ఒంట్లోని క్రియాటిన్ తోడ్పడుతుంది. మాంసం, చేపల నుంచి అది కొంత అందుతుంది, శాకాహారులకు ఆ దారి లేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బరువులెత్తేవారికి బలం పెరుగుతుందని ఎన్నో ఏళ్ల పరిశోధనలు పదే పదే చూపించాయి, రోజు ఖర్చు పది పదిహేను రూపాయలకు మించదు. కిడ్నీలు పాడవుతాయన్న భయం ఆరోగ్యవంతుల విషయంలో రుజువు కాలేదు. అయితే కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్త పరీక్షలో చూసే క్రియాటినిన్ దీన్ని వాడేవారిలో కాస్త ఎక్కువ కనిపించవచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇప్పటికే కిడ్నీ సమస్య ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

ధర ఒక ఎత్తయితే డబ్బాలో నిజంగా ఏముందన్నది మరో ఎత్తు. భారత మార్కెట్‌లోని 36 ప్రోటీన్ ఉత్పత్తులను పరీక్షించి 2024లో మెడిసిన్ అనే పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం ఉత్పత్తుల మీద రాసిన ప్రోటీన్ వివరాలు సరికాదని తేలింది; 14 శాతం వాటిలో బూజు వల్ల పుట్టే విషపదార్థాలైన అఫ్లాటాక్సిన్లు కనిపించాయి. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కండలు పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సూటిగానే చెప్పాయి. గుడ్డు పెంకు మీద ఎవరూ తప్పుడు లేబుల్ అంటించలేరు.

హాస్టల్‌లో ఉండే విద్యార్థికి గుడ్లు ఉడకబెట్టుకునే వసతి ఎక్కడిది, కానిస్టేబుల్ పరీక్షకు తెల్లవారుజామునే మైదానంలో పరుగెత్తే అభ్యర్థికి పప్పు నానబెట్టుకునే తీరిక ఎక్కడిది అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటివారు నమ్మకమైన చోట, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య చూసుకుని రోజుకు ఒక స్కూపు పొడి వాడుకుంటే తప్పేమీ లేదు. కానీ జిమ్ముల్లో కొనేవారిలో చాలామంది ఇంటి భోజనం చేసేవారే. వెసులుబాటు వాదం వారికి వర్తించదు.

అసలు ఆ 50 గ్రాముల లోటు ఎక్కడ పుట్టింది? డబ్బాల వ్యాపారం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రశ్నే. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు పాలమూరుకు రావడం చారిత్రక న్యాయం, అందులో రెండో మాట లేదు. అయితే నీళ్ల వెంట వరి వచ్చింది. జొన్న, కంది, పెసర కలిసి పెరిగిన చేలు చాలాచోట్ల మడులయ్యాయి. ప్రభుత్వ కొనుగోలు భరోసా ఉన్న పంటనే రైతు వేశాడు, రేషన్ దుకాణంలో దొరికిన గింజనే ఇల్లు తిన్నది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి సన్నబియ్యం పంపిణీ ప్రారంభించినప్పుడు మనిషికి 6 కిలోల బియ్యం అన్నారు. దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం రావడం పేదవాడి గౌరవానికి సంబంధించిన మంచి నిర్ణయమే. కానీ ఆ సంచి పక్కన పప్పు సంచి లేదు.

ఉండటం అసాధ్యమేమీ కాదు. తమిళనాడులో రేషన్ కార్డుకు నెలకు కిలో కందిపప్పు 30 రూపాయలకే ఇస్తున్నారు. ఉమ్మడి రాష్ట్రంలోనూ 2013లో అమ్మహస్తం కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కిలో కందిపప్పు ఉండేది. మనిషికి నెలకు ఒక కిలో చొప్పున ఇచ్చినా రోజుకు అదనంగా 7 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. బరువులెత్తే కొడుకు కోసం డబ్బా కొనిచ్చి, తాను మాత్రం అందరూ తిన్నాక చారన్నంతో సరిపెట్టుకునే తల్లికి కూడా ఆ 7 గ్రాములు చేరుతాయి. 2025-26 సీజన్‌కు కందుల మద్దతు ధర క్వింటాల్‌కు 8,000 రూపాయలుగా కేంద్రం ప్రకటించింది. ఆ ధరకు నారాయణపేట, కొడంగల్ రైతుల కందులు కొని, ఇక్కడే పప్పు పట్టించి, సన్నబియ్యం ఇచ్చే డీలర్ చేతనే ఇప్పించడానికి కొత్త యంత్రాంగమేదీ అక్కరలేదు.