సవరణ: పని ఆపే హక్కు గురించి నేను రాసింది

మొన్నటి పోస్టులో ‘రియాక్టర్ దగ్గర గ్యాస్ వాసన వస్తే పని ఆపేసి బయటికి వచ్చేయొచ్చు, ఫ్యాక్టరీల చట్టం 41హెచ్ సెక్షన్ కాపాడుతుంది’ అని రాశాను. అది తప్పు. లేబర్ కేసులు చూసే ఒక లాయరు గారు చెప్పాక చట్టం పాఠం తెరిచి చదివాను.

1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987 సవరణతో వచ్చిన ఆ సెక్షన్ ఇచ్చింది హెచ్చరించే హక్కు మాత్రమే, అదీ ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లోనే. ముప్పు ముంచుకొస్తోందని సహేతుకమైన భయం ఉంటే మేనేజర్‌కో ఇన్‌చార్జికో నేరుగా గానీ, సేఫ్టీ కమిటీ ప్రతినిధుల ద్వారా గానీ చెప్పి, అదే సమయంలో ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయాల్సి ఉండేది. యాజమాన్యం ఒప్పుకుంటే వెంటనే సరిచేసి, ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాల్సి ఉండేది. ఒప్పుకోకపోతే విషయం ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాల్సి ఉండేది, ముప్పు ఉందా లేదా అన్నదానిపై ఆయన మాటే ఫైనల్. ఈలోగా పని ఆపొచ్చన్న మాట అందులో ఎక్కడా లేదు.

మరి నేను రాసింది ఎక్కడిది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం 13వ అధికరణం. ప్రాణాపాయం నుంచి పక్కకు తప్పుకున్న కార్మికుడిపై అనుచిత చర్యలు ఉండకూడదంటుంది అది. రెండూ కలిపేశాను, పొరపాటు నాదే.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉన్నది ముప్పును తెలియజేసే హక్కే. నా పోస్టు స్క్రీన్‌షాట్‌ను షిఫ్ట్ గ్రూపుల్లో పెట్టినవాళ్లు దయచేసి దీన్నీ పెట్టండి. సూపర్‌వైజర్‌తో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, కాగితం మీద తేదీ, టైము వేసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.