నేపాల్ గెలుపు గాలివాటం కాదు

వెస్టిండీస్‌పై నేపాల్ టీ20 సిరీస్ గెలుపును 'గాలివాటం' అని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. 2025 సెప్టెంబరులో షార్జాలో 2-1తో గెలిచారు. విండీస్ పెద్ద ఆటగాళ్లు కొందరు రాలేదు, నిజమే. కానీ 2024 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్ చూశారా? చివరి బంతికి రెండు పరుగులు కావాలి. నేపాల్ బ్యాటర్ గుల్షన్ ఝా బ్యాట్‌కు బంతి తగల్లేదు, అయినా పరుగెత్తాడు, రనౌట్. ఒక్క పరుగుతో ఓటమి! ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. కాఠ్మండు పక్కనున్న కీర్తిపూర్ మైదానంలో చోటు దొరక్క జనం చెట్లెక్కి మరీ చూస్తారు. అలాంటి దేశానికి పెద్ద జట్లతో మ్యాచ్‌లే కరువు. టెస్టు జట్లు కీర్తిపూర్ వెళ్లి సిరీస్‌లు ఆడాలి, ముందుగా పక్కనే ఉన్న మన జట్టు.