సకల సమస్యలకు పరిష్కారం

రాజమండ్రి దానవాయిపేటలో మా బాబాయి ఇంటి గేటుకి ఓ బోర్డు వెలసింది: ‘సకల సమస్యలకు ఇచ్చట పరిష్కారం లభించును.’ తెలుగునాట ఇలాంటి బోర్డు వెనక ఎవరు కూర్చుంటారో అందరికీ తెలుసు, ఒక్క మా బాబాయికి తప్ప. మొదటిరోజే ఓ పెద్దాయన కొడుకు జాతకం పట్టుకొచ్చి, పెళ్లెప్పుడవుతుందో చూడమన్నాడు. బాబాయి ఆ గళ్లన్నీ తిప్పి తిప్పి చూసి, “ఎర్తింగ్ ఎక్కడుందండీ ఇందులో?” అన్నాడు. పెద్దాయన హడలిపోయి, శాంతి ఏమైనా చేయించాలా అని అడిగాడు. ఆ సాయంత్రమే పెయింటర్ని పిలిపించి బోర్డు కింద ‘మిక్సీ, ఫ్యాను, కుక్కరు’ అని రాయించాం.

బాబాయి చెయ్యి మాత్రం మంచిది. ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే ఫోన్లోనే, “కండెన్సర్ పోయింది, రెండున్నర మైక్రోఫారాడ్‌ది అడిగి తెచ్చుకో” అనేస్తాడు. టీవీ రిమోట్ పనిచెయ్యకపోతే ఫోను కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కుతాడు. కెమెరాలో రిమోట్ ముక్కు దగ్గర చిన్న లైటు మెరిసిందా, తప్పు టీవీది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరందరికీ ఇవన్నీ ఊరికే చేసిపెట్టాడు. రిటైరయ్యాక పిన్ని, “ఆ చేసేదేదో డబ్బులు పుచ్చుకుని చెయ్యండి” అంది.

వ్యాపారమంటే బాబాయికి ముందు కాగితాలు. 2020 నుంచి చిన్న వ్యాపారాలకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఆన్‌లైన్‌లో మన వివరాలు మనమే నింపుకోవచ్చు, రూపాయి ఫీజు లేదు. చేయించేసి, సర్టిఫికెట్ లామినేషన్ కొట్టించి హాల్లో తగిలించాడు. వంద కాగితాల బిల్లు పుస్తకం కార్బన్‌తో సహా అచ్చువేయించాడు. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ కట్టాలని ఎక్కడో చదివి రెండ్రోజులు టెన్షన్ పడ్డాడు కూడా. “దాటకుండా చూసుకోవాలిరా” అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

దాటలేదు. అసలు మొదలే కాలేదు. బాబాయికొచ్చిన చిక్కు పని రాకపోవడం కాదు, మరీ త్వరగా అయిపోవడం. ఎదురింటావిడ మిక్సీ మోసుకొచ్చి, “కాలిపోయింది అన్నయ్యగారూ” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బాబాయి మిక్సీ బోర్లించి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కాడు. జారులో పప్పు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా ఆ బటన్ తన్నేస్తుంది. కాస్త చల్లారాక మళ్లీ నొక్కితే సరి. మిక్సీ గుర్రుమంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, “ఓస్, ఇంతేనా!” అంటూ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ‘ఓస్ ఇంతేనా’కి బిల్లెలా రాస్తాం? మర్నాడు గిన్నెడు దోసావకాయ పంపింది. దానికీ రసీదు కుదరదు.

పిన్ని కొంగు బిగించింది. “రక్తపరీక్ష రాయని డాక్టరుకి ఎవరైనా ఫీజిస్తారా? ఏదొచ్చినా రెండ్రోజులు ఉంచండి” అంది.

ఆ లెక్కన శుక్రవారం మూడో వీధి మేడమ్‌గారి మిక్సీ ఇంట్లో చేరింది. బ్యాంకులో ఆడిట్ చేసి రిటైరైన మనిషి. మళ్లీ అదే ఎర్ర బటన్. ఆవిడ గేటు దాటేలోపే బాబాయి నొక్కేశాడు. ఆదివారం రమ్మన్నాం. ఈలోగా ఇంట్లో మిక్సీ లేదు. ఎవరికో జారుని మోటారుకి కలిపే కప్లర్ కావాల్సొచ్చి బాబాయి సొంత మిక్సీలోంచి పీకి ఇచ్చేశాడు, అదీ ఉచితంగానే. శనివారం పొద్దున పెసరట్ల ముహూర్తం. పిన్ని ఆ మిక్సీ వైపు చూసింది, బాబాయి వైపు చూసింది. “ఎలాగూ టెస్టింగ్ చెయ్యాలిగా” అన్నాడాయన.

పెసరపిండి అయింది. చిన్న జారులో అల్లం పచ్చడి గిర్రున తిరుగుతోంది. ఆ మోతలో గేటు చప్పుడు ఎవరూ వినలేదు. వెనక్కి తిరిగితే మేడమ్‌గారు, చేతిలో జారు మూతతో. మర్చిపోయి ఇంట్లోనే వదిలేసిందట, రిపేరుకి అవసరమవుతుందని పాపం తెచ్చింది.

“మోటారు విప్పి చూడాలన్నారు?”

“విప్పామండీ... లోడ్ టెస్ట్” అన్నాడు బాబాయి. మొహం మీద అల్లం తుంపర.

“అల్లంతోనా?”

పిన్ని ఏమీ తడబడలేదు. కుర్చీ వేసి పెసరట్టు పెట్టింది. ఆవిడ మాట్లాడకుండా రెండు తినేసి, పచ్చడిలో బెల్లం ఓ పిసరు తగ్గిందని చెప్పి, బిల్లు పుస్తకం తెమ్మంది. బాబాయి మొహం వెలిగిపోయింది.

“రిపేరు 150, ఒప్పుకుంటాను” అంది. “నిన్నా ఇవాళా పిండి బయట కొన్నాను, 80. బాగైన మిక్సీ మీరు వాడుకున్నారు, అద్దె 100. మీరే నాకు 30 ఇవ్వాలి.”

“పెసరట్లో వదినగారూ?” అంది పిన్ని.

“అతిథిని కదమ్మా.”

బాబాయి లోపలికెళ్లి మూడు పది రూపాయల కాగితాలు తెచ్చిచ్చాడు. ఆవిడ పెన్ను తీసి బిల్లు నంబరు 001 తనే రాసి, ‘పుచ్చుకున్నవారు’ అన్నచోట సంతకం పెట్టి, ఒరిజినల్ చింపుకుని కార్బన్ కాపీ బాబాయి చేతికిచ్చింది. మిక్సీ తనే ఎత్తుకుంది. పచ్చడి జారులోనే ఉంది.