బేడీలు ఎలా వేయాలో కూడా రాయండి

నిందితుల్ని కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు కానిస్టేబుళ్ల మీద వాళ్లు తిరగబడుతున్నారని మీ పత్రికలో మీరు రాసింది నిజమే. మా తమ్ముడు ఆ డ్యూటీలోనే ఉన్నాడు, చర్లపల్లి జైలు నుంచి నాంపల్లి కోర్టుకు వ్యాన్‌లో వెళ్లిన రోజు ఇంట్లో అందరికీ గుబులే. కానీ బేడీల విషయంలో కోర్టులు పోలీసుల చేతులు కట్టేశాయన్న మీ మాటతో ఏకీభవించను. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు వద్దన్నది అందరికీ అలవాటుగా బేడీలు వేయడాన్ని. పారిపోయే ప్రమాదం నిజంగా ఉంటే కారణం రాసి వేయొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 43(3) కూడా హత్య, అత్యాచారం, ఉగ్రవాదం లాంటి కేసుల్లో, కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్ల విషయంలో వీలు కల్పించింది.

మీరు వదిలేసింది పద్ధతి గురించి. చేతులు ముందుంచి వేస్తే నిందితుడు ఆ ఇనుముతోనే కొడతాడు. చేతులు వెనక్కి పెట్టి, అరచేతులు బయటికి తిప్పి వేయాలి. డబుల్ లాక్ (బేడీ ఇంకా బిగుసుకోకుండా ఆపే రెండో లాక్) చేయకపోతే కదిలినకొద్దీ బిగుసుకుని మణికట్టు నరాలు దెబ్బతింటాయి. వేశాక ఒళ్లంతా సోదా చేయాలి. పెనుగులాడినవాణ్ని బోర్లా అలాగే వదిలేయకూడదు, ఊపిరాడక ప్రాణం పోవచ్చు. వెంటనే పక్కకు తిప్పి కూర్చోబెట్టాలి. ఇవన్నీ ట్రైనింగ్‌లో ఒకసారి చూపిస్తే చేతికి రావు. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు) సిబ్బందికి ఏటా మళ్లీ చేయించాలని దయచేసి మీ పత్రిక గట్టిగా అడగాలి.