రాహుకాలంలో పుట్టిన ఐడీ

డేటాబేసులో పుట్టే ప్రతి వరసకీ జాతకం ఉండాల్సిందే. 2024 మేలో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9562, ఆ వరసకి మరొకదానితో కలవని ఐడీగా పెట్టే యూయూఐడీలో 7వ వెర్షన్‌కి ఆ యోగం పట్టించింది. మొత్తం 128 బిట్లు. మొదటి 48 బిట్లలో పుట్టిన సమయం, 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్ల లెక్కన. వెర్షన్‌కి 4, వేరియంట్‌కి 2 పోను మిగతా 74 తలరాత, అంటే ర్యాండమ్.

ఒక జాతకం వేసి చూద్దాం. ఐడీ 01900000-0000-7తో మొదలవుతోంది. 7 వెర్షన్ నంబరు. దాని ముందున్న 12 హెక్స్ (పదహార్ల లెక్కలో రాసే) అంకెల్ని మామూలు సంఖ్యగా మారిస్తే 1717986918400. మన టైములో 2024 జూన్ 10, ఉదయం 8 గంటల 5 నిమిషాల 18 సెకన్లు, పైన 400 మిల్లీసెకన్లు. సోమవారం. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఏముంటుందో తెలిసిందే కదా! శాంతి చేయించకుండా ప్రొడక్షన్‌లోకి ఎలా రానిచ్చారో.

అయినా 4వ వెర్షన్ కన్నా నయం. దానికి తిథీ లేదు, వారమూ లేదు, 122 బిట్లూ ర్యాండమే. ప్రైమరీ కీగా, అంటే వరసని గుర్తుపట్టే ముఖ్యమైన ఐడీగా పెడితే, కీలని క్రమంలో పేర్చే ఇండెక్సు బీ-ట్రీలో ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వాడే ఇన్నోడీబీలో అప్పటికే నిండిన 16 కేబీ పేజీలో పడిందా, పేజీ రెండుగా చీలి చెరో సగం ఖాళీ. ఇండెక్సు మెమరీలో పట్టనంత పెరిగాక ఇన్‌సర్ట్ చేసినప్పుడల్లా డిస్కు దాకా పరుగే. సమయం ముందుంటుంది కాబట్టి 7వ వెర్షన్ బుద్ధిగా కుడి చివర చేరుతుంది.

కవలల సంగతి వేరు. ఒకే మిల్లీసెకనులో పుట్టిన ఇద్దరిలో పెద్దెవరో, కౌంటర్ పెట్టుకోకపోతే, బ్రహ్మకే తెలియదు. 2010లో ట్విటర్ చేసిన స్నోఫ్లేక్ అనే ఐడీల పద్ధతి ఆ ఏర్పాటూ చూసింది: సమయానికి 41 బిట్లు, మెషీనుకి 10, వరస నంబరుకి 12. ఒక మెషీను మిల్లీసెకనుకి 4096 పురుళ్లు పోస్తుంది. 4097వది తర్వాతి మిల్లీసెకను దాకా నొప్పులు ఓర్చుకోవాలి. మెషీన్ల టైముని నెట్‌వర్క్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ గడియారాన్ని వెనక్కి తిప్పితే, పాత సమయం దాటేదాకా పురుడే పోయనంటుంది. ఆయుష్షు మాత్రం 69 ఏళ్ల చిల్లర. 7వ వెర్షన్‌కి 10889వ సంవత్సరం దాకా ఢోకా లేదు.

చిక్కల్లా జాతకం ఊరందరికీ కనపడటమే. యూఆర్‌ఎల్‌లో ఐడీ పెడితే ఖాతా ఏ క్షణంలో తెరిచారో ఎవరైనా చదివేస్తారు. పాస్‌వర్డ్ రీసెట్ టోకెన్‌కి కూడా ఇదే వాడుదామనే మహానుభావులున్నారు. వాళ్ల జాతకం వేరే చూడాలి.