సవరణ: గోడబొమ్మల నలుపు, కింది రాత

కడపలో బొగ్గు కరెంటుపై వేసే గోడబొమ్మల గురించిన పోస్టులో, నలుపు కోసం జనరేటర్ పొగగొట్టం మసి గీకి నీళ్లలో కలపమని ఉంది. దయచేసి ఆ పని చేయకండి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. పిల్లలు కుంచె పట్టే చోటికి ఆ మసి రానే కూడదు. పైగా ఉత్త నీళ్లలో మసి కలవదు, పైన తెట్టులా తేలుతుంది.

ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి పట్టిన మసి చాలు. ముందు కొన్ని చుక్కల స్పిరిట్ వేసి ముద్దగా నూరాలి, తర్వాతే బైండర్, అంటే రంగును గోడకు పట్టి ఉంచే జిగురు. లోపలి గోడకైతే రాత్రంతా నానబెట్టి వడగట్టిన తుమ్మజిగురు సరిపోతుంది. తక్కువైతే మసి చేతికంటుతుంది, ఎక్కువైతే ఎండి పెచ్చులూడుతుంది. బయటి గోడకు అది పనికిరాదు, మొదటి వానకే కారిపోతుంది. అక్రిలిక్ బైండర్ వాడండి.

బొమ్మ కింది రాత కూడా మార్చాలి. కడప జిల్లాలోని బొగ్గు విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) సామర్థ్యం 1,650 మెగావాట్లు, కర్నూలు జిల్లా ఓర్వకల్లు సోలార్ పార్కుది 1,000. అంతమాత్రాన 'మూడింట రెండొంతుల బొగ్గును ఎండే తప్పించింది' అని రాయకూడదు. రాత్రిళ్లు సోలార్ పలకలు పనిచేయవు కాబట్టి, ఏడాది సగటున వచ్చేది ఆ సామర్థ్యంలో దాదాపు పావువంతే. గోడ మీద లెక్క తప్పితే ప్లాంటులో పనిచేసేవాళ్లే ముందు పట్టుకుంటారు, ఆ బొమ్మ చూడాల్సింది ముఖ్యంగా వాళ్లే.